అక్క వదిలిన చీర ఎవరు వడికారు?
అక్కమహాదేవి కథ - కవితా నాటకం

అక్కమహాదేవి జీవితం గురించి మనకు తెలుసుననుకుంటున్నదంతా మగకవులు చెప్పిందే. ఆమె తన గురించి చెప్పుకున్నది వచనాల్లో ఉంది. 350కి పైగా వచనాలు ఆమె పేరు మీద దొరుకుతున్నాయి. వాటిలో విరహం ఉంది, కోపం ఉంది, అడవి ఉంది, చెట్టునీ పిట్టనీ ఆపి చెన్నమల్లికార్జునుడి జాడ అడగడం ఉంది. జీవితచరిత్ర మాత్రం లేదు. ఎవరి కూతురు, ఎవరి భార్య, పెళ్ళి అయిందా లేదా, బట్టలు ఎప్పుడు వదిలింది వంటి వివరాలన్నీ ఆమె తర్వాత వచ్చినవాళ్ళు కూర్చినవి. స్త్రీ కవిత్వం మనకు చేరేటప్పుడు ముందు ఆమె కాపురం సంగతి తేల్చి, ఆ తర్వాతే ఆమె మాట వినడం మన సాహిత్య చరిత్రకు పాత అలవాటు. మొల్లను చదవబోయే ముందు ఆమె పెళ్ళి గురించి వెతికిన పండితులు మనకు తెలియనివాళ్ళు కాదు.

ఇటువంటి కథను ఈ రోజు రంగస్థలం మీదకు తేవాలంటే ఏం చేయాలి? కొందరు స్నేహితులం, కొందరు విద్యార్థినులం కలిసి అక్క కథను కవితా నాటకంగా రాయడానికి కూర్చున్నప్పుడు నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. కాగితం మీద దాటేయగలిగిన విషయాన్ని రంగస్థలం దాటనివ్వదు. కావ్యంలో 'ఆమె దిగంబరి అయింది' అని రాసి కవి ముందుకు పోవచ్చు. రంగస్థలం మీద ఒక నటి నిలబడి ఉంటుంది. ఆమెకు ఒక శరీరం ఉంటుంది. ఎదురుగా కుర్చీల్లో మనుషులుంటారు. వాళ్ళకు కళ్ళుంటాయి.

ముందు పాత పాఠాల సంగతి చూద్దాం. అక్క 12వ శతాబ్దపు మనిషి. బిజ్జలుడు కల్యాణాన్ని పాలించిన కాలం, బసవన్న, అల్లమప్రభువు నడిపిన శరణ ఉద్యమ కాలం. ఆమె కథను మొదట విస్తారంగా చెప్పింది కన్నడ కవి హరిహరుడు, 'మహాదేవియక్కన రగళె'లో. ఉడుతడి ఊళ్ళో శివభక్తులైన దంపతుల కూతురు మహాదేవి. ఆ ఊరి రాజు కౌశికుడు ఆమెను చూసి మోహిస్తాడు. తల్లిదండ్రుల్ని బెదిరిస్తాడు. వాళ్ళ ప్రాణాల కోసం ఆమె పెళ్ళికి ఒప్పుకుంటుంది, కానీ షరతులు పెడుతుంది. శివపూజకూ, జంగమ సేవకూ, గురుసేవకూ తన ఇష్టం వచ్చినట్టు సమయం తీసుకుంటుంది. అడ్డొస్తే మూడు తప్పుల దాకా ఓర్చుకుంటుంది, ఆ తర్వాత వెళ్ళిపోతుంది. రాజు మూడుసార్లూ మాట తప్పుతాడు. ఆమె అన్నీ వదిలి శ్రీశైలం దారి పడుతుంది.

హరిహరుడి కథలో నాకు విలువైనదిగా కనిపించేది ఆ షరతుల పట్టిక. బలవంతపు పెళ్ళిలోకి పోతూ కూడా ఒక ఆడపిల్ల తన సమయాన్ని లెక్క కట్టి, దాని మీద హక్కు రాయించుకోవడం అందులో ఉంది. ఇది భక్తి కథ మాత్రమే కాదు, సంసారంలో తన కాలం తనకు దక్కని ప్రతి స్త్రీ కథ.

15వ శతాబ్దంలో, విజయనగరంలో ప్రౌఢదేవరాయల కాలంలో, చామరసు 'ప్రభులింగలీలె' రాశాడు. దాన్ని పిడుపర్తి సోమనాథుడు తెలుగు చేశాడు కనుక మన సాహిత్యానికీ ఈ కథతో చుట్టరికం ఉంది. చామరసు దగ్గర పెళ్ళి జరగదు. శివుణ్ణే భర్తగా ఎంచుకున్న స్త్రీ మానవమాత్రుడితో కాపురం చేసిందంటే భక్తులకు ఇబ్బంది. అందుకని కౌశికుడు ఆమెను తాకకముందే ఆమె వెళ్ళిపోతుంది. మూడు వందల ఏళ్ళలోపే ఒక స్త్రీ జీవితంలోంచి ఒక పెళ్ళిని చెరిపేశారు. ఆమె గౌరవాన్ని కాపాడుతున్నామనే అనుకొని ఉంటారు. కానీ పెళ్ళిని చెరిపేస్తే ఆ షరతులు కూడా చెరిగిపోతాయి. పవిత్రత మిగులుతుంది, పోట్లాట పోతుంది. స్త్రీల చరిత్రలో పవిత్రత పేరుతో జరిగిన నష్టాల జాబితాలో దీన్ని కూడా చేర్చుకోవాలి.

అదే శతాబ్దంలో వచ్చిన 'శూన్యసంపాదనె' ఇంకో పని చేసింది. శివగణప్రసాది మహదేవయ్య మొదట కూర్చిన ఈ గ్రంథాన్ని తర్వాత మరో ముగ్గురు తిరిగి కూర్చారు. శరణుల వచనాలన్నిటినీ తీసి సంభాషణలుగా పేర్చడం దాని పద్ధతి. ఒక రకంగా అది నాటకమే. అల్లమప్రభువు కేంద్రంలో ఉంటాడు, ఒక్కొక్కరే వస్తారు, వాదిస్తారు, తేలతారు. అక్క కల్యాణానికి వచ్చినప్పుడు అల్లముడు ఆమెను నిలదీస్తాడు. ఇంత యవ్వనంలో ఎందుకు వచ్చావంటాడు. నీ భర్త ఎవరో చెప్పమంటాడు. బట్టలు వదిలినదానివి జుట్టెందుకు కప్పుకున్నావంటాడు. కిన్నరి బొమ్మయ్య అయితే ఆమె దేహాన్నే పరీక్షకు పెడతాడు. ఆమె గెలుస్తుంది. సభ చేతులు జోడిస్తుంది. ఆమె 'అక్క' అవుతుంది.

ఈ ఘట్టాన్ని స్త్రీ స్వేచ్ఛకు నిదర్శనంగా చాలామంది రాశారు. మగవాళ్ళ సభలో ఒక స్త్రీ నిలబడి జవాబులు చెప్పడం చిన్న విషయం కాదు, నిజమే. కానీ కూర్పు ఎలా జరిగిందో గమనించండి. అడవిలో, ఒంటరిగా, తన దేవుడితో ఆమె అన్న మాటల్ని తీసి, ఒక పురుషుడి ప్రశ్నలకు జవాబులుగా పెట్టారు. పాట వాంగ్మూలం అయింది. విరహం వైవా అయింది. పీహెచ్‌డీ చేసిన ఆడవాళ్ళకు ఈ దృశ్యం కొత్త కాదు. బల్లకు అవతల కూర్చున్నవాళ్ళు మన పరిశోధన గురించి అడగాల్సింది పోయి, పెళ్ళయిందా, పిల్లలతో ఇదంతా ఎలా కుదురుతుంది అని అడగడం మనలో ఎంతమందికి అనుభవం కాదు? జవాబు ఎంత బాగా చెప్పినా, ఏ ప్రశ్న అడగాలో నిర్ణయించే అధికారం వాళ్ళ దగ్గరే ఉంటుంది.

కాబట్టి అక్క కథను తిరిగి రాయడమంటే ఆమెకు కొత్త జవాబులు ఇవ్వడం కాదు. ఆమె జవాబులు చాలు. ప్రశ్నలు అడిగేవాళ్ళను మార్చాలి. మా నాటకానికి మొదటి సూత్రం ఇదే అయింది.

ఎవరు అడగాలి? కల్యాణంలో అల్లముడూ బసవన్నా మాత్రమే లేరు. ముప్పైమందికి పైగా స్త్రీల వచనాలు మనకు మిగిలాయి. అయితే వాళ్ళలో చాలామందికి మిగిలినవి ఒకటో రెండో. ఆయ్దక్కి లక్కమ్మ ఉంది. నేల మీద ఒలికిన బియ్యం ఏరుకొచ్చి బతికే దంపతులు వాళ్ళు. ఒకరోజు భర్త మారయ్య అవసరానికి మించి తెస్తే, ఈ ఆశ మనకెందుకని మందలించి, తిరిగి పోసి రమ్మని పంపింది. అముగె రాయమ్మ ఉంది, నేతగాడైన అముగె దేవయ్య భార్య. కదిరె రెమ్మవ్వ ఉంది, నూలు వడికే మనిషి. రాట్నాన్నే ఉపమానం చేసుకొని మాట్లాడింది. సూళె సంకవ్వ ఉంది. సూళె అంటే వేశ్య. ఆమెది ఒక్కటే వచనం దొరికింది. ఆమె తన దేవుడికి పెట్టుకున్న పేరు నిర్లజ్జేశ్వరుడు. సిగ్గు లేని దేవుడు! తన వృత్తి మీద లోకం వేసిన తిట్టును తీసి దేవుడికి బిరుదుగా కట్టిన ఆ స్త్రీ గురించి మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యం కూడా చెప్పవు.

ఈ స్త్రీలలో ఎవరైనా అక్కను ఎదురుగా చూశారో లేదో చరిత్ర చెప్పదు. చరిత్ర వాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టలేదు. నాటకం నిలబెట్టగలదు. పాత కథను తిరగరాయడానికి మనకు హక్కెక్కడిదని అడిగేవాళ్ళకు చామరసును చూపిస్తే చాలు. ఉన్న పెళ్ళిని ఆయన తీసేయగా లేని సంభాషణను మేం పెడుతున్నాం. తేడా ఏమిటంటే, మేం పెడుతున్నది ఊహ అని మేం దాచుకోవడం లేదు.

మా ముందు నడిచినవాళ్ళు లేకపోలేదు. 1989లో 'మానుషి' పత్రిక భక్త కవయిత్రుల మీద ప్రత్యేక సంచిక తెచ్చింది. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటం అక్కను థేరీగాథల బౌద్ధ భిక్షుణుల నుంచి ముద్దుపళని దాకా సాగే వరసలో నిలబెట్టింది. దానితో ఆమె మతచరిత్ర నుంచి సాహిత్య చరిత్రలోకి వచ్చింది. మధుశ్రీ దత్తా 2000లో తీసిన 'స్క్రిబుల్స్ ఆన్ అక్క' చిత్రంలో సీమా బిశ్వాస్ అక్కగా కనిపిస్తుంది. తమిళంలో కవి ఇన్‌క్విలాబ్ రాయగా అ. మంగై దర్శకత్వం వహించిన 'అవ్వై' నాటకం మాకు మరీ దగ్గరగా అనిపించింది. మనకందరికీ తెలిసిన ఔవైయార్ ముసలమ్మ. పెళ్ళి తప్పించుకోవడానికి వినాయకుణ్ణి ప్రార్థించి ముసలితనం వరంగా తీసుకుందని కథ. ఇన్‌క్విలాబ్ ఆ కథను పక్కకు నెట్టి, సంగం కవిత్వంలోని అవ్వైని, ఊరూరూ తిరిగి పాడే యువతిని, కవిత్వంతోనే తిరిగి రంగస్థలం మీదకు తెచ్చాడు.

ఈ కథల్ని పక్కపక్కన పెడితే ఒక విషయం తేటపడుతుంది. ఔవై ముసలితనం కోరుకుంది. కారైక్కాల్ అమ్మైయార్, 12వ శతాబ్దంలో సేక్కిళార్ పెరియపురాణంలో చెప్పినట్టు, అందాన్ని వదిలేసి పిశాచ రూపం అడిగి తీసుకుంది. అక్క బట్టలు వదిలింది. ముగ్గురూ చేసింది ఒకటే: తమ శరీరాన్ని పెళ్ళి సంతలోంచి తప్పించడం. మొదటి ఇద్దరూ మగవాడు చూడడానికి ఇష్టపడని శరీరం తీసుకున్నారు. అక్క మాత్రం శరీరాన్ని మార్చుకోలేదు. అందంగా, యవ్వనంలో, అలాగే ఉండి, చూపును ఎదిరించింది. ఆమెను తర్వాతి కవులు అంతగా సర్దాల్సి రావడానికి కారణం ఇదే అనుకుంటాను. ముసలమ్మనూ పిశాచాన్నీ పూజించడం తేలిక. అక్కను పూజించాలంటే ముందు ఆమెను జుట్టుతో కప్పాలి. శిల్పులూ చిత్రకారులూ ఆ జుట్టును మోకాళ్ళ దాకా పెంచారు. వచనాల్లో ఎవరి కోసమో అడ్డుగా పెట్టుకున్న జుట్టు, బొమ్మల్లోకి వచ్చేసరికి పూర్తి చీర అయింది.

ఇక రూపం సంగతి. కవితా నాటకం అనగానే మనవాళ్ళకు పద్య నాటకం గుర్తొస్తుంది. హార్మోనియం, రాగాలాపన, వన్స్‌మోర్. ఆ సంప్రదాయం భక్తుల కథల్ని ఎలా చెప్పిందో చూడాలంటే కాళ్ళకూరి నారాయణరావు 'చింతామణి' చాలు. లీలాశుకుడి కథ అది. బిల్వమంగళుడనే బ్రాహ్మణుడు వేశ్య వ్యామోహంలో పడి, ఆమె మాటతోనే కళ్ళు తెరిచి భక్తుడవుతాడు. చింతామణికి పద్యాలున్నాయి, పశ్చాత్తాపం ఉంది, జ్ఞానోదయం కూడా ఉంది. అయినా కథ నడిచేది ఆయన మోక్షం వైపే. ఆమె ఆ మోక్షానికి మెట్టు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించినప్పుడు కారణం సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందన్న అభ్యంతరం. ఊరూరా దశాబ్దాలపాటు ఆ నాటకం వేశ్య పాత్ర మీద పేల్చిన జోకుల గురించి నిషేధం కోరినవాళ్ళూ మాట్లాడలేదు, వద్దన్నవాళ్ళూ మాట్లాడలేదు.

పద్యంలో ఒక తీర్మానపు గొంతు ఉంటుంది. చివరి పాదం పడగానే వాదం ముగిసినట్టు ఉంటుంది. అక్క వచనాలు అలా ముగియవు. అవి మాట్లాడే భాషకు దగ్గరగా, ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతాయి. అందుకని మేం గొంతుల్ని పంచుకున్నాం. కథ చెప్పే పురుష కవుల గొంతు ద్విపదలో ఉంటుంది. ద్విపద పాల్కురికి సోమనాథుడు జనం నాలుక మీదికి తెచ్చిన ఛందస్సు. కథ ఆగకుండా నడిచిపోతుంది, వినేవాళ్ళకు అడ్డుపడే సందు దొరకదు. సరిగ్గా అందుకే అది చరిత్ర గొంతుకు సరిపోయింది. స్త్రీల గొంతు మాత్రం విడి మాటల్లో ఉంటుంది. ద్విపద నడుస్తుండగా ఒక స్త్రీ మధ్యలో మాట్లాడుతుంది. ప్రాస తెగుతుంది. కవి మళ్ళీ మొదలుపెడతాడు. మళ్ళీ తెగుతుంది. ప్రాస ఎక్కడ తెగిందో అక్కడ ఒక స్త్రీ ఉందని ప్రేక్షకులకు కొంతసేపట్లోనే తెలిసిపోతుంది. కవిత్వం ఇక్కడ అలంకారం కాదు, వాదం.

మూడో గొంతు పాటది. సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో తన కాలపు పాటల పేర్లు చెప్తాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. అదే గ్రంథంలో పర్వత ప్రకరణం శ్రీశైల యాత్రనూ అక్కడి ఆటపాటలనూ వర్ణిస్తుంది. తెలుగు రంగస్థల చరిత్రకారులు మన ప్రదర్శన కళల తొలి ఆధారాల కోసం వెళ్ళే చోటు అదే. అంటే అక్క నడిచి చేరిన కొండే తెలుగు నాటకానికి కూడా ఒక పుట్టిల్లు. కన్నడ స్త్రీ కథను తెలుగులో ఎందుకు రాయాలని అడిగినవాళ్ళకు నా జవాబు ఇది. ఆమె పలికిన భాష కన్నడం. ఆమె పిలిచిన పేరు మన కొండ మీది మల్లన్నది.

అసలు చిక్కు చీర దగ్గర వచ్చింది. జనంలో వ్యాపించిన ఒక కథనంలో, నీ ఒంటి మీద ఉన్నదంతా నాదే, వదిలి పో అని రాజు అంటాడు. ఆమె అక్కడికక్కడే వదిలేసి నడుస్తుంది. మా మొదటి ప్రతిలో ఈ దృశ్యం చాలా ఉద్వేగంగా ఉండేది. నటి ఒంటి మీది నుంచి పొడవాటి తెల్లబట్ట జారుతుంది, లోపల మరో మామూలు దుస్తులుంటాయి, జారిన బట్ట రంగస్థలమంతా పరుచుకొని కృష్ణానది అవుతుంది. చదివినవాళ్ళందరికీ నచ్చింది. జయప్రభ పైట మీద రాసిన కవిత చదువుతూ పెరిగిన నా తరానికి నచ్చకుండా ఎలా ఉంటుంది?

మాతో పనిచేస్తున్న ఒక ఎం.ఏ. విద్యార్థిని మాత్రం రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు అడిగింది. "మేడమ్, అక్క తన బట్టలు తనే వదిలింది. మా వాడల్లో మా అమ్మమ్మలవి వాళ్ళు లాగేశారు. ఊరు చూస్తుండగా నడిపించారు. ఈ సీన్ చూసేటప్పుడు మా అమ్మ ఏం గుర్తు చేసుకుంటది?"

మా గదిలో ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పడానికి తొందరపడకపోవడమే మంచిదయింది. ఆ ప్రశ్న నాటకంలోకి రావాల్సినది. బట్ట వదలడం స్వేచ్ఛ కావాలంటే ముందు ఆ బట్ట మీద తనకు హక్కుండాలి. రాజు భార్య వదిలేస్తే అది వైరాగ్యం. సంకవ్వ విప్పితే అది వ్యాపారం. దళిత స్త్రీది లాగేస్తే అది ఊరు వేసిన శిక్ష. శరీరం ఒకటే, చూసేవాళ్ళ చూపులోని కులమూ వర్గమూ దాని అర్థాన్ని మారుస్తున్నాయి. స్త్రీవాదం శరీరం గురించి మాట్లాడినప్పుడు ఏ శరీరం గురించి మాట్లాడుతున్నదో చెప్పమని దళిత స్త్రీలు తెలుగులో ఎప్పటినుంచో అడుగుతున్నారు. మధ్యయుగపు కథ అయినంత మాత్రాన ఆ ప్రశ్న నుంచి తప్పించుకోలేం.

మణిపూర్ గుర్తుకొచ్చింది. 2000లో హైస్నాం కన్హయ్యలాల్ మహాశ్వేతాదేవి కథ 'ద్రౌపది'ని నాటకం చేసినప్పుడు, సావిత్రి హైస్నాం చివరి దృశ్యంలో సైన్యానికి ఎదురుగా బట్టలు వదిలి నిలబడింది. ఆ నటిని అప్పుడు విమర్శించినవాళ్ళు చాలామంది. 2004 జులై 15న, తంగ్జాం మనోరమ హత్య తర్వాత, పన్నెండుమంది స్త్రీలు ఇంఫాల్‌లో కాంగ్లా కోట గేటు ముందు నగ్నంగా నిలబడ్డారు. నాలుగేళ్ళ కిందట రంగస్థలం మీద అభ్యంతరకరమైన దృశ్యం వీధిలో చరిత్ర అయింది. 2023 మేలో అదే రాష్ట్రంలో కుకీ స్త్రీలను ఒక గుంపు బట్టలు విప్పించి నడిపించింది. జులైలో వీడియో బయటికొచ్చేదాకా దేశానికి పట్టలేదు. ఒకే నేల మీద, ఒకే తరం కాలంలో, నగ్నత ఆయుధమూ అయింది, హింసా అయింది. ఎవరి ఇష్టంతో జరిగిందన్నదొక్కటే రెంటినీ వేరు చేసేది. మా దృశ్యంలో జారిపోయే ఆ అందమైన తెల్లబట్ట ఈ తేడాను చెప్పలేదు. అందం చాలాసార్లు తేడాల్ని చెరిపేస్తుంది.

అందుకని దృశ్యం మారింది. ఇప్పుడు అక్క పాత్రధారి బట్ట జార్చదు. అక్క వెళ్ళిపోయాక దృశ్యం మొదలవుతుంది. రంగస్థలం మధ్యలో ఒక చీర కుప్పగా పడి ఉంటుంది. దేహం లేదు. చూడాలని వచ్చిన చూపుకు చూడడానికి చీర తప్ప ఏమీ లేదు. ఒక్కొక్క స్త్రీ వచ్చి దాని దగ్గర ఆగుతుంది. తల్లి వస్తుంది. చీర వాసన చూస్తుంది, బిడ్డ కోపంలో పోయిందా శాంతంగా పోయిందా అని దాన్ని అడుగుతుంది. అంతఃపుర దాసి వస్తుంది. ఇది ఉతికేది నేనే, మడత పెట్టాలా వద్దా అని రాజుగారిని ఎవరడుగుతారు అంటుంది. సంకవ్వ వస్తుంది. నా చీరకు ధర ఉంది, నువ్వు వదిలిన చీరకు కథ ఉంది, మనిద్దరి దేవుడూ సిగ్గులేనివాడే కదా అక్కా, మరి నాకు కొండ దారి ఎవరూ చెప్పలేదేం అని నవ్వుతుంది. లక్కమ్మ వచ్చి, ఎవరికీ అక్కర్లేని బట్ట నేల మీద ఉండకూడదని తీసుకోబోయి, ఇవాళ్టికి నాకు అవసరం లేదు అని వదిలేసి పోతుంది.

చివరగా కదిరె రెమ్మవ్వ వస్తుంది. ఆమె చీర అంచు పట్టుకొని దారం లాగి చూస్తుంది. ఇది ఎన్నో నంబరు నూలో, ఎన్ని రాత్రుల పనో చెప్తుంది. నువ్వు దీన్ని రాజు ఇచ్చాడనుకొని వదిలావు, ఇది మేం వడికింది, రాజు మొహాన కొట్టావనుకున్నావు, మా ఒళ్ళో పడింది అంటుంది. నిష్ఠూరంగా కాదు, పనిమనిషి పనిమనిషితో మాట్లాడినట్టు. అక్క గొంతు బయట నుంచి ఒక్కసారి మాత్రం వినిపిస్తుంది. జవాబు చెప్పదు. అడుగుతుంది: "రెమ్మవ్వా, నీకు కట్టుకోవడానికి ఉందా?"

నాటకం మొత్తంలో అక్క వేసే ప్రశ్న అదొక్కటే. అల్లముడి సభలో అన్ని ప్రశ్నలకు జవాబులు చెప్పిన స్త్రీ ఇక్కడ మొదటిసారి ఇంకో స్త్రీని అడుగుతుంది. వోల్గా 'విముక్త'లో సీత శూర్పణఖనూ అహల్యనూ కలుసుకున్నట్టు, స్త్రీలు ఒకరినొకరు కలుసుకున్నప్పుడే పురాణం పగులుతుందని మాకూ అర్థమైంది. అయితే కలుసుకోవడం ఎప్పుడూ ఆలింగనమే కానక్కర్లేదు. లెక్కలు అడగడం కూడా కలుసుకోవడమే.

ప్రతి చదివిన ఒక సాంస్కృతిక సంస్థ పెద్ద మాకు సలహా ఇచ్చారు. "అక్క మహా యోగిని అమ్మా. ఆమెకు కాషాయం కట్టండి, జుట్టు పొడుగ్గా పెట్టండి. ఈ రాట్నాలూ వేశ్యలూ ఎందుకు? భక్తి పలచబడుతుంది." ఆయన మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెప్పే మాటల్లోనే చామరసు ఇంకా బతికి ఉంటాడు. బట్టలు వదిలిన స్త్రీకి ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కాషాయం కట్టడం భక్తి ఎలా అవుతుంది? ఆమె కాదన్నది రాజును మాత్రమే కాదు, యూనిఫారాన్ని కూడా.

భక్తి పలచబడుతుందన్న భయానికి శ్రీశైలంలోనే జవాబుంది. ఏటా ఉగాదికి కర్ణాటక నుంచి వేలాదిమంది నల్లమల అడవి దాటి కాలినడకన శ్రీశైలం వస్తారు. వాళ్ళకు భ్రమరాంబ ఆడపడుచు, మల్లన్న అల్లుడు. అడవిలో ఉండే చెంచులకు కూడా ఆయన అల్లుడే, చెంచు మల్లన్న. కన్నడ ఆడవాళ్ళు పుట్టింటి సారెగా అమ్మవారికి చీర తెస్తారు. ముళ్ళూ రాళ్ళూ ఎండా దాటి మోసుకొస్తారు. మరి అదే దారిలో చీర లేకుండా నడిచొచ్చి, అదే మల్లన్నను భర్త అన్న స్త్రీకి సారె ఎవరు తెస్తారు? పాతాళగంగ నుంచి కృష్ణ మీద పడవలో వెళ్తే అక్కమహాదేవి గుహలు వస్తాయి. ఆమె ఐక్యమైందని చెప్పే కదళీవనం ఉంది. అక్కడికి వెళ్ళే స్త్రీలు ఆమెను తమ మనిషిగానే తలుచుకుంటారు. దేవుణ్ణి అల్లుణ్ణి చేసుకున్న జనానికి, ఇల్లు విడిచిపోయిన కూతుర్ని కూడా కూతురిగానే చూడడం వచ్చు. పలచబడడానికి వాళ్ళ భక్తి పండితుల వ్యాఖ్యానం మీద నిలబడి లేదు.

అందుకే మా నాటకంలో చివరి గొంతు యాత్ర చేసే ఆడవాళ్ళది. వాళ్ళు పాడుకుంటూ వస్తారు, తలల మీద మూటలతో. దారిలో పడి ఉన్న చీర చూస్తారు. ఎవరిదో తెలియదు. ఒకామె దులిపి మడత పెడుతుంది. ఇంకొకామె, అమ్మవారికిద్దాం అంటుంది. మూడో ఆమె, వద్దు, చలికి వణుకుతూ ఎవరైనా ఎదురొస్తే కప్పుదాం అంటుంది. వాళ్ళు దాన్ని మోసుకుంటూ ప్రేక్షకుల మధ్య నుంచి నడిచి వెళ్ళిపోతారు. ఆ విద్యార్థినిదే ఈ దృశ్యం. తను రాసింది, తనే మూడో ఆమె పాత్ర వేస్తోంది. వాళ్ళమ్మను మొదటి వరసలో కూర్చోబెడతానంది.